బాబాయ్ తెచ్చిన తప్పు ప్లేట్లు

అరవై దాటిన మనిషి చొక్కా జేబు మీద పసుప్పచ్చటి బిళ్ల. దాని మీద ఇలా ఉండేది: "నేను ఇంకా పని నేర్చుకుంటున్నాను. దయచేసి ఓపిక పట్టండి." పక్కనే నవ్వుతున్న బొమ్మ ఒకటి.

ఆ బిళ్ల పెట్టుకున్న మనిషి ఆ రేవు హోటల్లో సర్వరుగా చేరేనాటికి, ఆ బిళ్ల పెట్టించిన మేనేజరు ఇంకా పలక కూడా పట్టలేదు. అప్పటికి ఆ హాలుకి అద్దాల గోడలు లేవు, నీళ్ల వైపు రేకుల పందిరి మాత్రం ఉండేది. ఏ కుర్చీ కాలు కుంటిదో, మధ్యాహ్నం ఎండ ఏ బల్ల మీదికి ముందు వస్తుందో ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు. అలాంటివాడికి బిళ్ల పెట్టారు. మేనేజరు తన చేత్తోనే, సన్మానం చేస్తున్నంత నిదానంగా గుచ్చాడు.

"ఏమీ అనుకోకు పెద్దాయనా. నీ మంచికే. ఇది చూస్తే కస్టమర్లు తిట్టరు."

"అలాగే సార్" అన్నాడాయన. ఆ తర్వాత ఏ రోజూ అది లేకుండా హాల్లోకి రాలేదు. ఇంటికి వెళ్లేటప్పుడు తీసి జేబులో వేసుకునేవాడు, పొద్దున్నే మళ్లీ గుచ్చుకునేవాడు.

పనివాళ్లంతా ఆయన్ని బాబాయ్ అంటారు. ఇక్కడ మనమూ అలాగే అందాం.

ఆ హోటల్ ఉన్నది రేవులో, పెద్ద ప్రయాణికుల ఓడలు ఆగే చోటుకి సరిగ్గా ఎదురుగా. ఓడ వచ్చిన రోజున పొద్దుటి నుంచే బస్సులు బారులు తీరతాయి. చక్రాల పెట్టెలు ఈడ్చుకుంటూ జనం దిగుతారు. సాయంత్రం ఓడెక్కాలి, ఈలోగా నేల మీద ఒక మంచి భోజనం చెయ్యాలి. ఎక్కడ తినాలన్నది వాళ్లకి పెద్ద ప్రశ్న. ఫోన్లు తీసి చూసుకుంటారు, ఒకరినొకరు అడుగుతారు. ఏ కిటికీ పక్కన కూర్చుంటే ఓడ మొత్తం కనబడుతుంది, ఎవరి చేప తాజాది, ఎవరు త్వరగా వడ్డిస్తారు. ఇందులో తప్పేమీ లేదు. ఎన్నాళ్లుగానో అనుకుని బయల్దేరినవాళ్లు, కడుపునిండా తిని ఓడెక్కాలనుకోవడం న్యాయమే. నా కోపం వాళ్ల మీద కాదు. వాళ్లకి వడ్డించే మనిషి ఎక్కడ తినాలన్నది మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదే, దాని మీద.

ఆ హోటల్ రేవు కంచె లోపల ఉంది. గేటు దగ్గర సంచులు వెతుకుతారు. బయటి తిండి లోపలికి రాకూడదు. ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ కూడా బయటి తిండే. భద్రత కోసమట. పోనీ బయటికి వెళ్లి తిని వద్దామంటే, ఓడ రోజున గేటు బయట పాములా వంకర్లు తిరిగిన క్యూ. తిరిగి వచ్చేసరికి ఉద్యోగం ఉండదు.

పాత యజమాని కాలంలో ఈ బాధ లేదు. పొద్దున్నే పొయ్యి వెలిగించగానే ముందు ఎక్కేది పనివాళ్ల గిన్నె. ఒక పక్క సొట్ట పడ్డ పెద్ద గిన్నె. వంటగది వెనక ఒక పొడుగాటి బల్ల ఉండేది. వంతులవారీగా కూర్చుని తినేవాళ్లు. యజమాని కూడా ఒక్కోసారి అదే బల్ల చివర కూర్చుని, "ఇవాళ వంట మేస్త్రికి ఇంట్లో గొడవైనట్టుంది, కారం చూశారా" అనేవాడు. ఆయన పోయాక హోటల్ ఒక కంపెనీ చేతిలో పడింది. అద్దాలొచ్చాయి, మేనేజరొచ్చాడు, బల్ల పోయింది. బల్ల ఉన్న చోట ఐసు పెట్టె పెట్టారు. ఓడ రోజుల్లో ఒక పొయ్యి కూడా ఖాళీ ఉండకూడదని గిన్నెని అటక ఎక్కించారు.

"ఓడ వెళ్లాక తినండి. ఎవరొద్దన్నారు?" అన్నాడు మేనేజరు. ఓడ కదిలేది దీపాలు పెట్టే వేళకి. వీళ్లు పనిలోకి వచ్చేది కాకులు లేచే వేళకి.

ఒక దయ మాత్రం చూపించాడు. కస్టమరు ఒకటి చెబితే ఇంకోటి వెళ్లి, ముట్టుకోకుండా వెనక్కి వచ్చిన ప్లేటుంటే పారెయ్యక్కర్లేదు, పనివాళ్లు తినొచ్చు. వెనకవైపు, నిలబడి. కంపెనీ పెద్దలు వచ్చినప్పుడు దాన్ని గొప్పగా చెప్పుకునేవాడు కూడా. "మా దగ్గర గింజ కూడా వృథా కాదు సార్."

ఈ ఏర్పాటుని ఒక్క నిమిషం ఆగి చూడండి. ఒకరు పొరబాటు చేస్తే ఇంకొకరికి కూడు. అందరూ పని సరిగ్గా చేసిన రోజున అందరికీ పస్తు. ఇది ఒక తెలివైన మనిషి, చదువుకున్న మనిషి, చల్లటి గదిలో కూర్చుని ఆలోచించి పెట్టిన నియమం.

ఆ వెనకవైపు గిన్నెలు కడిగే ఆడవాళ్లకి పెద్ద గిన్నెలక్క. సబ్బునీళ్లలో నాని నాని మోచేతుల దాకా తెల్లబడిన మనిషి, నోరు మాత్రం నానలేదు. తన కోడల్ని కూడా అదే పనిలో పెట్టింది. కోడలికి కడుపు. ఒక ఓడ రోజున మధ్యాహ్నం ఆ పిల్ల తొట్టి పక్కన ఉన్నట్టుండి కూలబడిపోయింది. తల గోడకి తగిలింది. ఖాళీ ట్రే పెట్టడానికి వచ్చిన బాబాయ్ ఆమెని లేపి కూర్చోబెట్టాడు. మేనేజరు వచ్చి పంచదార నీళ్లు ఇప్పించాడు.

"ఇంట్లో తిని రావచ్చు కదమ్మా" అన్నాడు.

"తినే వచ్చింది సార్. పొద్దున్న తిన్నది పొద్దున్నే అయిపోయింది" అంది గిన్నెలక్క.

ఆ తర్వాత కాసేపటికి, వేయించిన చేప అడిగిన బల్ల మీద బాబాయ్ గుడ్డు వేసిన సూప్, రొట్టె పెట్టాడు. "అయ్యో, పొరబాటైందండీ" అని వెంటనే తీసుకెళ్లిపోయాడు. చేప అప్పటికే కౌంటరు మీద సిద్ధంగా ఉంది. వాళ్లు మూతి ముడుచుకునే లోపు వచ్చేసింది.

వెనక గిన్నెలక్క ఆశ్చర్యపోయింది. "ఏంటి బాబాయ్, ఎన్నడూ లేంది."

"వయసమ్మా. ఆ సూప్ కోడలికివ్వు, చల్లారిపోతుంది."

అలా మొదలైంది ఆయన మతిమరుపు.

మరుసటి ఓడకీ ఒక తప్పు, ఆ పై ఓడకీ మరొకటి. పొరబాటు చెయ్యడానికి కూడా ఒక పద్ధతి పెట్టుకున్నాడు. గడియారం చూసుకుంటున్నవాళ్ల జోలికి వెళ్లేవాడు కాదు. పసిపిల్లలున్న బల్లని వదిలేసేవాడు. తమలో తాము నవ్వుకుంటున్నవాళ్లని, ఇంకా కబుర్లు తెమలనివాళ్లని చూసుకునేవాడు. వంటగదికి రెండూ చెప్పి, అసలు ప్లేటు కౌంటరు మీదికి వచ్చిందని రూఢి చేసుకున్నాకే తప్పు ప్లేటు తీసుకెళ్లేవాడు. తినేవాళ్లకి పోయేది ఏమీ లేదు, నాలుగు మాటలు అనే అవకాశం తప్ప. ఆ అవకాశాన్ని ఎవరూ వదులుకోలేదు.

"ఇలాంటివాళ్లని ఇంట్లో కూర్చోబెట్టకుండా పనిలో ఎందుకు పెట్టుకుంటారు?" అని ఒకాయన, ఈయన ఎదురుగానే, ఈయన లేనట్టు.

"మా తాతకీ ఇలాగే మొదలైంది పాపం" అని ఒక అమ్మాయి. జాలి ఇంకా మంట.

బాబాయ్ తల వంచుకుని వినేవాడు. "క్షమించాలండీ" అనేవాడు.

వంట మేస్త్రికి ముందు అనుమానమొచ్చింది. పొయ్యి దగ్గర నిలబడి రోజంతా ప్లేట్లు పంపేవాడు, ఏది వెళ్లింది, ఏది వెనక్కొచ్చింది చూస్తాడు కదా. ఒకరోజు గరిటె పక్కన పెట్టి అడిగేశాడు.

"గిన్నెలక్క పన్ను పీకించుకున్న రోజున నీ తప్పు ప్లేటు మెత్తటి బంగాళదుంప. కోడలికి చేప వాసన పడటం లేదంటే నీ తప్పు ప్లేట్లో చేప ముక్క ఉండదు. నీ మతిమరుపుకి భలే జ్ఞాపకం బాబాయ్."

"నీకు నోరెక్కువైంది మేస్త్రీ. ఉప్పు చూసుకో."

"చూశాలే. రేపు తప్పు చేసేటప్పుడు నన్నూ కాస్త తల్చుకో. మాంసం కూర చేసే చేతికి మాంసం తగిలి చాన్నాళ్లయింది."

మరుసటి ఓడకి బాబాయ్ మాంసం కూర కూడా మరిచిపోయాడు.

కస్టమర్ల గొణుగుడు పెరిగితే వచ్చింది ఆ బిళ్ల. బిళ్లతో పాటు పేరూ వచ్చింది. రేవులో పుట్టిన మాట ఆయన ఉండే వీధి దాకా పాకింది. కొట్టువాడు ఆయన్ని చూడగానే "నేనే బాబాయ్, కొట్టువాణ్ణి" అని తనని తాను పరిచయం చేసుకోవడం మొదలుపెట్టాడు. మంగలి సగం గడ్డం గీసి, "ఇంకో పక్క ఉంది, లేచిపోకు" అనేవాడు. ఆయన ఉండేది కూతురి దగ్గర. కుట్టుమిషన్ మీద బతికే మనిషి. ఆమె నిజంగానే భయపడింది. తను బయటికెళ్లేటప్పుడు స్టవ్ గుబ్బ పీకి దాచేది. ఇంటి చిరునామా ఒక గుడ్డముక్క మీద కుట్టి, ఆయన చొక్కా లోపలివైపు అతికించింది. ఆ చొక్కా వేసుకుని ఆయన, వీధిలో ప్రతి గుమ్మం ఎవరిదో, ఏ యేడు కట్టారో చెప్పగలిగినవాడు, కొట్టుకి వెళ్లి వచ్చేవాడు.

కూతురికైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "దానికి చెబితే మర్నాడు పొద్దున్నే మేనేజరు గుమ్మంలో ఉంటుంది. నేను బిళ్ల మొయ్యగలను. దాని నోరు మొయ్యలేను" అన్నాడట మేస్త్రితో.

ఈ ఏర్పాటు ఇలాగే నడిచిపోయేదేమో. చెడగొట్టింది ఒక మంచి మాట.

ఒక ఓడ రోజున స్తంభం పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుంది. పంతులమ్మగా చేసి మానేసిన మనిషి. క్రితం యేడు ఇదే ఓడకి భర్తతో వచ్చి, ఇక్కడే తిని వెళ్లింది. బాబాయ్ నీళ్లు పెడుతూ అడిగాడు.

"పోయినసారి సార్‌కి ఎండ కళ్లలో పడుతోందని కుర్చీ ఇటు తిప్పామమ్మా. ఇవాళా తిప్పనా? వెనక వస్తున్నారా?"

ఆవిడ ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూసింది. "ఆయన లేరయ్యా. చలికాలంలో పోయారు" అంది.

బాబాయ్ జగ్గు బల్ల మీద పెట్టేశాడు.

"నీకెలా గుర్తున్నారు?" అందావిడ.

"ఉల్లిపాయలు ఏరి పక్కన పెట్టేవారు. మీరేమో తిడుతూ తీసుకుని తినేవారు."

ఆవిడకి కళ్లల్లో నీళ్లు, మొహం మీద నవ్వు రెండూ వచ్చాయి. భర్త పోయాక ఆయన గురించి తనకి తెలియనివాళ్ల నోట వినడం అదే మొదటిసారట. వెళ్లేముందు మేనేజర్ని పిలిపించింది. హాలంతా వినేలా, తరగతిలో చెప్పినట్టే చెప్పింది.

"ఏడాది కిందట ఒక్కపూట తిని వెళ్లిన మనిషి ఉల్లిపాయ తినడని ఇతనికి గుర్తుంది. ఇంత జ్ఞాపకం ఉన్నవాడికి ఈ బిళ్ల ఎవరు పెట్టారు నాయనా? తీసెయ్యండి ముందు."

మేనేజరు నవ్వాడు. నవ్వు అలాగే ఉంది, చూపు మాత్రం మారింది. అప్పుడే పక్క వరస నుంచి ఒక తప్పు ప్లేటు వెనక్కి వెళుతోంది. బాబాయ్ దాన్ని ఇంకా చేత్తో పట్టుకునే ఉన్నాడు.

అన్నాళ్లలో ఆయన నిజంగా చేసిన పొరబాటు అదొక్కటే. ఒంటరిగా కూర్చున్న మనిషిని చూసి, తనకి మతిమరుపు ఉందన్న సంగతి మరిచిపోయాడు.

ఆ సాయంత్రం ఓడ కదిలాక మేనేజరు అందర్నీ వెనకవైపు పోగుచేశాడు. ఐసు పెట్టె మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"పెద్దాయనా, సూటిగా అడుగుతా. నువ్వు మరిచిపోయి చేస్తున్నావంటే అది జబ్బు. తెలిసి చేస్తున్నావంటే అది దొంగతనం. దొంగతనమైతే తిన్నవాళ్లందరికీ అందులో వాటా ఉన్నట్టే. రేపటి నుంచి వాళ్లకీ గేటు పాసు ఉండదు. ఏదో చెప్పు."

గిన్నెలక్క చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. "సార్, నేను చెబుతా..."

"నువ్వుండమ్మా. నీకేం తెలుసు" అన్నాడు బాబాయ్. ఆమె మీద ఆయన గొంతు లేవడం అదే మొదలు. తర్వాత మేనేజరు వైపు తిరిగాడు. "మతిమరుపే సార్."

"మరి పంతులమ్మగారి మొగుడి ఉల్లిపాయ?"

"పాతవి గుర్తుంటాయి సార్. ఇప్పటివి నిలవవు. ఈ జబ్బు అంతేనట."

మేస్త్రి గోడవైపు తిరిగాడు.

"అయితే పని చెయ్యలేవు కదా."

"చెయ్యలేను సార్."

బిళ్ల తీసి ఐసు పెట్టె మీద పెట్టాడు. మేనేజరు దాన్ని జేబులో వేసుకుంటూ, అందరి ముందూ, చాలా మర్యాదగా అడిగాడు: "గేటు దాకా దారి గుర్తుందా? ఎవరినైనా తోడు పంపనా?"

ఎదురు మాట్లాడితే కథ తిరగబడుతుంది. "పంపండి సార్" అన్నాడు బాబాయ్. గేటు కాపలావాడు, ఈయన పనిలో చేరాక పుట్టినవాడు, చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ తీసుకెళ్లి రోడ్డు మీద వదిలాడు. రాళ్లు పరుస్తుండగా తాను చూసిన దారిలో ఆయన్ని అలా నడిపించారు.

ఒక మనిషికి ఉన్నవి రెండు: పని, బుర్ర. రెండూ లేవని తన నోటితోనే చెప్పించారు. గిన్నెలు కడిగే ఆడవాళ్లు ఇంత తిన్నందుకు.

ఆ తర్వాతి ఓడకి కుర్ర సర్వర్లు తామూ తప్పులు చెయ్యబోయారు. వాళ్లకి ఆ విద్య రాలేదు. ఒకడు పసిపిల్ల ముందు మిరియాల సూప్ పెట్టి ఏడిపించాడు. ఇంకొకడు ఒకే బల్లకి వరసగా తప్పులే తెచ్చి, చివరికి నవ్వాపుకోలేకపోయాడు. మేనేజరు నియమం మార్చేశాడు. వెనక్కొచ్చిన ప్లేటుని అప్పటికప్పుడు, తన కళ్ల ముందే, సబ్బునీళ్ల తొట్టిలో కుమ్మరించాలి. ఆ కుమ్మరించే పని గిన్నెలక్కది. వేడి వేడి కూర నురగలో మునిగిపోతుంటే పక్కన నిండు నెలల కోడలు చూస్తూ నిలబడింది.

ఆ రోజే గిన్నెలక్క బాబాయ్ ఇంటికి వెళ్లింది. గుమ్మంలోనే అంతా చెప్పేసింది. కూతురు మిషన్ ఆపి వింది. విని లోపలికి వెళ్లి, దాచిన స్టవ్ గుబ్బ తెచ్చి బాబాయ్ ముందు నేలకేసి కొట్టింది.

"ఇన్నాళ్లూ నీ చొక్కాకి చిరునామా కుట్టాను నాన్నా. కుట్టేటప్పుడు ఏడ్చాను. నాకెందుకు చెప్పలేదు?"

"మర్చిపోయానమ్మా" అన్నాడు.

ముందు నవ్వింది గిన్నెలక్క. కూతురికి నవ్వు రాలేదు. మర్నాడు ఆమె నిజంగానే రేవు గేటు దగ్గరికి వెళ్లింది. పాసు లేదని లోపలికి రానివ్వలేదు.

లోపల ఉన్నవాళ్లే చెయ్యాల్సి వచ్చింది. మరుసటి ఓడ రోజు పొద్దున గిన్నెలక్క, మిగతా ఆడవాళ్లు తొట్ల ముందు నిలబడి పంపు తిప్పలేదు. "అటక మీది గిన్నె దించండి సార్. పొయ్యి మీద అది ఎక్కితే మేము నీళ్లు తిప్పుతాం" అంది. మేస్త్రి పొయ్యి వెలిగించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బస్సులు అప్పటికే వచ్చేశాయి. మేనేజరు ఆ పూటకి బతిమాలాడు, రొట్టెలు తెప్పించాడు, పై వాళ్లతో మాట్లాడతానన్నాడు. మాట్లాడాడు కూడా. కొత్త సీజన్ మొదలయ్యేలోగా వీళ్లని తీసేసి, వేరే ఊళ్ల నుంచి వేరే మనుషుల్ని తెస్తారట. వాళ్లకి ఈ గిన్నె సంగతి తెలియదు కాబట్టి అడగరట.

ఈ సంగతులు రాయొచ్చా, దొంగతనమని మీ మీదికి వస్తే ఏం చేస్తారు అని అడిగితే గిన్నెలక్క చెప్పిన మాట ఇది: "రాయండి. బాబాయ్ మా కోసం పిచ్చివాడయ్యాడు. మేము ఆయన కోసం దొంగలం కాలేమా? తిన్నది మేమే. ఆకలేసి తిన్నాం. అదీ రాయండి."

బాబాయ్‌నీ అడిగాను. "నీ ఇష్టం. ఎవరైనా నన్నడిగితే గుర్తు లేదంటాను" అన్నాడు.

కొత్త సీజన్ ఓడ దగ్గరపడుతోంది. మీలో ఎవరో ఒకరు దానిలోనో, మరో రేవులో మరో దానిలోనో వెళతారు. ఓడెక్కేముందు ఎక్కడ తినాలా అని వెతుక్కుంటారు. వెతుక్కోండి. కిటికీ పక్క బల్లే తీసుకోండి. కానీ మెనూ తెరిచేముందు మేనేజర్ని పిలిచి ఒక్కటి అడగండి: "మీ పనివాళ్లు తిన్నారా? ఎక్కడ కూర్చుని తిన్నారు?" సర్వర్ని అడక్కండి. మేనేజరు వింటుంటే పాపం అతను తిన్నామనే చెబుతాడు. మేనేజర్నే అడిగి, ఆ చోటు చూపించమనండి. అక్కడ ఐసు పెట్టె కనబడితే మీ పెట్టెలు తీసుకుని లేచి రండి. పక్క బల్లవాళ్లకి ఎందుకు లేస్తున్నారో చెప్పి మరీ లేవండి. ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటాడు. బల్ల తర్వాత బల్ల అడిగితే నవ్వడానికి వీలుండదు.

ఆ సొట్ట గిన్నె ఇంకా ఆ అటక మీదే ఉంది. దించమని అడగండి.